ఫ్రీజర్లో ఉల్లిపాయలు, వంటింట్లో అత్తయ్యగారు

పోయినేడాది వేసవిలో మా గరాజ్‌లోంచి ఏదో వాసన వస్తోందని ముందు కనిపెట్టింది మా అబ్బాయి. ఎలకేదో చచ్చిందేమోనని మావారు టార్చిలైటు పట్టుకుని మూలమూలలా గాలించారు. తీరా చూస్తే ఉల్లిపాయల సంచి! 25 పౌన్లది, అంటే మన లెక్కలో 11 కిలోల పైమాటే. చవగ్గా వస్తోందని హోల్‌సేల్ షాపు నుంచి మోసుకొచ్చి, డాలస్ ఎండకి ఉడికిపోయే గరాజ్‌లో, బంగాళదుంపల బస్తా పక్కన పడేశాను. ఉల్లికి చల్లగా, పొడిగా, గాలాడే చోటు కావాలి. బంగాళదుంపల పొరుగు అసలు పనికిరాదు, వాటి తేమకి ఇవి మొలకలెత్తి మెత్తబడిపోతాయి. సగం చెత్తలో పోశాను. గట్టిగా ఉన్న మిగతా సగం ఆ రాత్రే కూచుని తరిగి ఫ్రీజర్లో పెట్టాను.

అప్పట్నుంచీ అదే అలవాటైపోయింది. చిక్కుళ్ళనీ బఠాణీల్నీ అయితే మరిగే నీళ్ళలో ఓ ముంచు ముంచి తీయాలి గానీ ఉల్లికి ఆ పని లేదు, పచ్చి ముక్కలే పెట్టొచ్చు. తరిగాక తడి లేకుండా చూసుకుని, పళ్ళెంలో కాగితం పరిచి పలచగా ఆరబోసినట్టు పోసి, రెండు మూడు గంటలు ఫ్రీజర్లో ఉంచండి. ముక్కలు విడివిడిగా గట్టిపడ్డాక జిప్ కవర్లోకి ఎత్తి, గాలంతా నొక్కేసి, ఆ కవర్ని ఇంకో కవర్లో పెట్టండి. ఒక్క కవరే అయితే మీ పిల్లల ఐస్‌క్రీమ్ కూడా ఉల్లి వాసన కొడుతుంది. ఇది అనుభవం మీద చెబుతున్న మాట.

ఈ ఏడాది మార్చిలో అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చారు. మొదటి రోజే నేను ఫ్రీజర్లోంచి పొట్లం తీసి పోపులో వెయ్యడం చూశారు. ఏమీ అనలేదు. భోజనాల దగ్గర మాత్రం ఆ కూర ముట్టుకోలేదు. మర్నాడు తన ఫోన్లో ఒక మెసేజ్ చూపించారు. తరిగిన ఉల్లిపాయ గాల్లో ఉన్న క్రిములన్నిటినీ లాక్కుని విషమైపోతుందట. ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. అందులో నిజం లేదండీ, ఉల్లిపాయ అయస్కాంతం కాదు. తరిగిన ముక్కల్ని మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే వారం రోజులు నిక్షేపంగా ఉంటాయి. ఫ్రీజర్లో, అంటే 0 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, క్రిములు పెరగనే పెరగవు. కాకపోతే నెలలు గడిచేకొద్దీ రుచి తగ్గుతుంది. ఇదంతా ఆవిడకి చెప్పాను. విన్నారు. తినలేదు.

ఆ తర్వాత రోజూ అయిదింటికే లేచి, నేను వంటింట్లోకి వచ్చేసరికి ఉల్లిపాయలు తరిగి ఉంచేవారు. ఆవిడది కత్తిపీట చెయ్యి. నిలబడి చెక్క మీద చాకుతో తరగడం ఏనాడూ అలవాటు లేదు. ఏప్రిల్లో ఒక పొద్దున చూపుడువేలు తెగింది. మూడు కుట్లు పడ్డాయి. ట్రావెల్ ఇన్సూరెన్సు వాళ్ళతో నేను పడ్డ పాట్లు ఇంకో నెల కాలమ్‌కి సరిపోతాయి.

తిరిగొచ్చేప్పుడు కార్లో అన్నాను, "ఎందుకండీ అత్తయ్యా ఈ అవస్థ, ఫ్రీజర్లో ఉన్నాయిగా" అని. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "మీ అందరికీ టైము లేదు. నాకు టైము తప్ప ఏమీ లేదు. ఆ నాలుగు ఉల్లిపాయలూ కూడా ఆ పెట్టెకి అప్పజెప్పేస్తే నేనిక్కడ ఏం చెయ్యనమ్మాయ్?" అన్నారు.

ఇల్లు చేరేదాకా నేను మళ్ళీ మాట్లాడలేదు. ఆవిడకి విశ్రాంతి ఇస్తున్నానని మురిసిపోతున్నాను నేను.

మేలో ఒక స్నేహితురాలి అమ్మానాన్నలు వస్తుంటే చెకిన్ సామాన్లో కత్తిపీట తెప్పించాను. శనివారం మధ్యాహ్నాలు హాల్లో పేపర్లు పరిచి, సీరియల్ పెట్టుకుని, అత్తయ్యగారు పది పౌన్ల సంచి ముందు కూచునేవారు. పిల్లలు పొట్టు తీసేవారు. మా వాడైతే ఈత కళ్ళద్దాలు పెట్టుకుని మరీ! తరిగే ముందు ఓ అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే కళ్ళ మంట తగ్గుతుందని నేను చెప్పినదొక్కటీ ఆవిడ ఒప్పుకున్నారు. నేను అన్నీ ఒకే సైజులో తరిగేదాన్ని. ఆవిడ ఉప్మాకి సన్నగా, కూరకి పొడుగు చీలికలు, పులుసుకి పెద్ద ముక్కలు వేరువేరుగా తరిగి, పొట్లాల మీద మార్కర్‌తో తెలుగులో పేరు, తేదీ రాయించేవారు.

తను తినడం మాత్రం పులుసులోవే తినేవారు, ఉప్మాలోవి పక్కకి తీసేవారు. ఆవిడ నాలుకకి దణ్ణం పెట్టాలి. గడ్డకట్టినప్పుడు ముక్కలోని నీరు మంచుపలుకులై లోపలి గోడల్ని చీల్చేస్తుంది, అందుకే కరకర పోతుంది. పులుసు, సాంబారు, పప్పు, మసాలా ముద్ద, వీటిల్లో తేడా తెలీదు. పెరుగు పచ్చడికీ, పచ్చి పులుసుకీ, పకోడీలకీ ఎప్పటికప్పుడు తరగాల్సిందే. బిర్యానీ మీదకి ఎర్రగా వేయించుకునేవి కూడా అంతే, ఫ్రీజర్వి వేగేలోపే చతికిలబడతాయి. ఇంకొకటి, ముక్కల్ని కరగనివ్వకుండా నేరుగా బాణలిలో వెయ్యండి, కానీ మంట తగ్గించి వెయ్యండి. కాగిన నూనెలో మంచు పడితే మీదకి చిందుతుంది. నీరంతా ఇగిరాకే పసుపూ కారం వెయ్యడం.

సెప్టెంబర్లో వెళ్ళేముందు వరసగా రెండు శనివారాలు కూచుని ఫ్రీజర్ నింపి వెళ్ళారు. ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో ముందు ఆరోగ్యాలు, ఆ తర్వాత పొట్లాల లెక్క. పోయిన వారం పులుసు పొట్లాలు రెండు మిగిలాయని చెప్పాను. "ఇంకా దాచావేంటమ్మాయ్? మూణ్ణెల్లు కావస్తోంది, రుచి పోతుంది, వాడెయ్" అన్నారు.

ఒకటి నిన్న బెండకాయ పులుసులో వేశాను. రెండోది ఉంది.