సముద్రం లేని ద్వీపం

అట్లాంటాలో ఉన్న మా తమ్ముడు ఈ వేసవిలో అమ్మనూ పిల్లలనూ ఫ్లారిడాలోని డిస్నీ వరల్డుకు తీసుకువెళ్తాడట. ఎక్కడ దిగితే బాగుంటుందని నన్నడిగాడు. పిల్లలిద్దరూ అప్పుడే ‘పాలినీషియన్’ అని తీర్మానించేశారు.

1971 అక్టోబరులో ఆ వినోదోద్యానంతోపాటే తెరిచిన హోటలది. పసిఫిక్ దీవుల పేర్లు పెట్టుకున్న పొడుగాటి ఇళ్లు, తెల్లని ఇసుక, ఎదురుగా నీళ్లు. సముద్రం కాదు లెండి, తవ్వించిన సరస్సు. అందులో దిగనివ్వరు; ఈతకు కొలనులు వేరే ఉన్నాయి. కోనసీమలో పుట్టిన అత్తగారికి చెట్ల నీడ చూపించడానికి అంత సొమ్మా అని మరదలి ఆక్షేపణ. సబబే.

నాకు మాత్రం అమ్మ మోకాళ్లే కనిపించాయి. డెబ్భై నాలుగేళ్ల మనిషి. జూన్, జులైలలో అక్కడ మధ్యాహ్నం ఎండ, ఉక్క, ఆపైన తరచుగా ఉరుముల వాన. దూరాన చవక హోటల్లో దిగితే పొద్దున్న వెళ్లినవాళ్లు రాత్రి బాణసంచా దాకా బయటే పడిగాపులు పడాలి. ఇక్కడ మోనోరైలు హోటలు గుమ్మంలోనే ఆగుతుంది. పన్నెండింటికి వచ్చి, ఇంత తిని, నడుం వాల్చి, సాయంత్రం మళ్లీ వెళ్లవచ్చు. ఓపిక లేకపోతే ఆ ఇసుకలో కూర్చునే బాణసంచా చూడవచ్చు. చాలా గదుల్లో అయిదుగురికి చోటుంది. మనవాళ్లూ అయిదుగురే.

అయిదు రాత్రులెందుకు, రెండు చాలన్నాను. మరదలు శాంతించింది. ఉద్యానంలో చక్రాల కుర్చీ అద్దెకిస్తారు, తీసుకోమన్నాను. ఆ సంగతి అమ్మతో ఎవరు చెప్పాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.