సీసా బల్ల మీద, పంపు బీరువాలో

పోయిన ఆదివారం మా మేనత్త కూతురింటికి భోజనానికి వెళ్లాను. ఆవకాయ జాడీ పక్కనే ఓ తెల్ల సీసా. మెగ్నీషియం బిళ్లలట. "ఉబ్బసానికి మంచిదట వదినా, ఫోన్‌లో ఓ డాక్టరు చెప్పాడు. నెలరోజులుగా వేసుకుంటున్నా" అంది.

"మరి ఇన్‌హేలర్ పంపు?"

మరదలు గొంతు తగ్గించింది. "బీరువాలో ఉంది. పిల్లకి సంబంధాలు చూస్తున్నాం కదా. తల్లికి ఉంటే కూతురికీ వస్తుందంటారు."

ఆ ఒక్క మాట నన్ను వారమంతా కాల్చుకు తింది.

మెగ్నీషియం పనికిరాదని నేననను. 1936 నాటికే ఉబ్బసానికి మెగ్నీషియం సల్ఫేటు వాడి చూసిన వైద్యులున్నారు. ఊపిరి గొట్టాల చుట్టూ ఉండే కండరం బిగుసుకోవాలంటే దాని కణాల్లోకి కాల్షియం చేరాలి. మెగ్నీషియం దానికి అడ్డం పడితే కండరం వదులవుతుంది. అందుకే నెబ్యులైజర్ పెట్టినా, స్టెరాయిడ్ ఇచ్చినా ఆయాసం లొంగనప్పుడు, ఎమర్జెన్సీలో 2 గ్రాములు సెలైన్‌లో కలిపి 20 నిమిషాలపాటు నరంలోకి ఎక్కిస్తారు. 2014 నాటి కాక్రేన్ సమీక్ష లెక్కలో అలా ఎక్కించిన ప్రతి 100 మందిలో ఓ ఏడుగురికి ఆస్పత్రిలో చేరే పని తప్పింది. అది ప్రాణం మీదికొచ్చినప్పటి మందు, అన్నం తిన్నాక వేసుకునే బిళ్ల కాదు.

బిళ్లల సంగతా? 2010లో అమెరికాలో 55 మందిని తీసుకుని, ఆరున్నర నెలలపాటు కొందరికి రోజుకు 340 మిల్లీగ్రాముల మెగ్నీషియం, కొందరికి ఉత్తి బిళ్లలు ఇచ్చి చూశారు. మెగ్నీషియం వేసుకున్నవాళ్లలో కొంత మెరుగు కనిపించింది. 55 మంది! మా వీధి వినాయకుడి పందిట్లో పులిహోర కోసం అంతకంటే ఎక్కువమంది నిలబడతారు. బిళ్లలు ఎక్కువైతే విరేచనాలు. కిడ్నీలు బాగాలేనివాళ్లకైతే మెగ్నీషియం ఒంట్లోనే పేరుకుపోతుంది. అంతగా కావాలంటే నువ్వులుండలూ తోటకూరా జొన్నరొట్టే ఉన్నాయి, వాటికి సీసా అక్కర్లేదు.

నా బాధ సీసా గురించి కాదు, బీరువా గురించి. ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో మనదేశం వాటా సుమారు 13 శాతం. ఉబ్బసం చావుల్లో మాత్రం 40 శాతం పైమాటే. పంపు పెడితే అలవాటైపోతుందట! ముప్పై ఏళ్లుగా బీపీ బిళ్ల వేసుకుంటున్న మామయ్యని చూసి ఆ మాట ఎవరూ అనరే? మిల్లీగ్రాముల లెక్కన స్టెరాయిడ్ బిళ్లలు మింగడానికి లేని భయం, మైక్రోగ్రాముల్లో పీల్చడానికొస్తుంది. మృగశిర కార్తెనాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసం పోతుందని నలుగురి ముందూ నోరు తెరిచి కొర్రమీను పిల్లని మింగుతాం. పంపు పీల్చడానికి మాత్రం బాత్రూంలోకి పోయి తలుపేసుకుంటాం.

తప్పంతా మరదలిదేనా? ఆమెకి ఆ పంపు రాసిచ్చిన డాక్టరు దాన్ని ఎలా పీల్చాలో ఒక్కసారైనా చూపించలేదట. మందుల షాపు కుర్రాడు చీటీ చూసి డబ్బా చేతిలో పెట్టాడు. గాలంతా బయటికి వదలాలనీ, నొక్కుతూ నెమ్మదిగా లోపలికి లాగాలనీ, పది సెకన్లు బిగబట్టాలనీ, స్టెరాయిడ్ పంపైతే తర్వాత నోరు పుక్కిలించాలనీ చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలు ఫోన్‌లో డాక్టరుకున్నాయి, ఫీజు తీసుకున్న డాక్టరుకి లేవు.

ఆ ఆదివారం భోజనం మజ్జిగ దగ్గరికొచ్చేసరికి మరదలు దగ్గడం మొదలెట్టింది. కిటికీ కింద చెత్తకుప్పకి ఎవరో నిప్పు పెట్టారు. పొగ తిన్నగా వంటింట్లోకి. వార్డు ఆఫీసుకి ఫోన్ చేశాను.

"ఎండుటాకులే కదమ్మా, ఓ అరగంట తలుపులేసుకోండి" అన్నాడు ఎత్తినతను.