ఒక్కరోజు అతిథి



కొన్ని సంవత్సరాల క్రిందట దసరా సెలవులలో మా సండేస్కూలు పిల్లలనూ, వారి తల్లిదండ్రులనూ బస్సు మాట్లాడుకొని పట్నంలోని ఒక వినోదాల పార్కుకు తీసికొని వెళ్లాము. కొబ్బరి దింపు డబ్బులలోనుంచి, కూలి డబ్బులలోనుంచి నెలనెలా కొంత దాచుకొని వచ్చిన కుటుంబాలవి. ఒక ఆట దగ్గర రెండు గంటలు వరుసలో నిలబడ్డాము. ప్రక్క వరుసలోనివారు మాత్రం వచ్చినవారు వచ్చినట్టే లోపలికి పోతున్నారు. ఎనిమిదేళ్ల పిల్లవాడొకడు నా చెయ్యి లాగి, "అయ్యగారండీ, వాళ్లు మన వెనకాల వచ్చారు గదా, ముందెలా ఎక్కుతున్నారండీ?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. తరువాత తెలిసికొన్న సంగతులు మీకూ ఉపయోగపడతాయని ఈ నెల వ్రాస్తున్నాను.

ఇటువంటి చోట్లకు వచ్చేవారు రెండు రకాలు. దగ్గరలో ఉండి మాటిమాటికీ వచ్చేవారు కొందరు. మనలాగా దూరం నుండి ఎప్పుడో ఒక్కసారి వచ్చేవారు కొందరు. మన ఆత్రేయపురం పూతరేకుల దుకాణాన్నే చూడండి. ప్రతి పెళ్లికీ ఆర్డరు ఇచ్చే ఇల్లు ఉంటుంది. కారు ఆపి ఒక్క డబ్బా కొనుక్కొని వెళ్లేవారూ ఉంటారు. మొదటివారికి ధర కాస్త తగ్గించినా, బేరం లేని రోజుల్లో ఆదుకొనేది వారే. రెండవవారు పూర్తి ధర ఇస్తారు. ఇద్దరిలో ఎవరిని చులకన చేసినా నష్టమే.

అమెరికాలో 1955లో తెరచిన డిస్నీలాండులో కూడా ఇదే చిక్కు. ఏడాది పాసు కొన్నవారు ఖాళీ రోజుల్లో పార్కును నింపుతారు. కాని వారందరూ రద్దీ రోజున వస్తే, దూరం నుండి వచ్చిన కుటుంబానికి చోటుండదు. అందుకని చవక పాసులు కొన్ని రోజుల్లో చెల్లవని నియమం పెట్టారు. 2021లో పాత పాసులు తీసివేసి, ముందుగా రోజు ఖాయం చేసికొని రావలసిన క్రొత్త పాసులు తెచ్చారు. ఏ రోజైనా రాగలవాడు, ఆ ఒక్కరోజే రాగలవానికి చోటివ్వడం న్యాయమే గదా!

వరుస సంగతి వేరు. డిస్నీ వారు 1999లో ఉచితంగా మొదలుపెట్టిన ముందు వరుస సౌకర్యం 2021లో డబ్బు కట్టేవారిదైపోయింది. మన హైదరాబాదు దగ్గర రావిర్యాలలో 2016లో తెరచిన వండర్‌లాలో కూడా మామూలు టిక్కెట్టు కాక, ఎక్కువ ధరకు ఫాస్ట్‌ట్రాక్ టిక్కెట్టు ఉన్నది.

దీని లెక్క చూడండి. ఒక ఆటలో 24 సీట్లున్నాయనుకోండి. గంటకు 20 సార్లు తిరిగితే 480 మంది ఎక్కుతారు. మామూలు వరుసలో 960 మంది ఉంటే చివరివానికి రెండు గంటలు పడుతుంది. సగం సీట్లు ముందు వరుసకు అమ్మితే అతడే నాలుగు గంటలు నిలబడాలి. యంత్రం వేగం పెరగలేదు. ఒకరి సమయం తీసి మరొకరికి అమ్మారు, అంతే. ఆ నష్టం పడేది తరచుగా లెక్క తెలియని ఒక్కరోజు అతిథే.

కనుక వెళ్లదలచినవారు పండుగ సెలవులూ ఆదివారాలూ విడిచి మామూలు రోజు చూచుకోండి. గుంపుగా వెళ్తే తగ్గింపు ఉందేమో ముందుగా ఫోనుచేసి అడగండి. విద్యార్థుల గుర్తింపు కార్డులు మరువకండి. గేటు తెరిచే వేళకే చేరి, పెద్ద ఆటలు మొదట ముగించండి. టిక్కెట్టులో ఏమేమి కలిసి ఉన్నవో అడిగిన తరువాతే డబ్బు చెల్లించండి.

ఆ పిల్లవాని ప్రశ్న మాత్రం నన్ను విడువలేదు. క్రిస్మసు నాడు మాత్రమే గుడికి వచ్చే పొరుగువాడు వెనుక గుమ్మం దగ్గర నిలబడితే, ప్రతివారం వచ్చే మనం మన చోటు వదలక కూర్చుంటాము. ద్రాక్షతోటలో ఆఖరు గంటకు వచ్చిన పనివారి ఉపమానం మనకు కొత్తది కాదు. ఈసారి లేచి, అతనికి చోటిద్దాం.