లేపాక్షి ఆలయంలో వైఫై... రాతికి గాయం కారాదు

లేపాక్షి: రక్షిత కట్టడాల వద్ద వైఫై సదుపాయం కల్పించేటప్పుడు పరికరాలు కంటికి కనిపించకుంటే చాలన్న అభిప్రాయం బలంగా ఉంది. పరికరాన్ని ఎక్కడ దాచారన్న దానికంటే దేనికి బిగించారన్నదే ముఖ్యమని లేపాక్షి వీరభద్రస్వామి ఆలయాన్ని పరిశీలిస్తే అర్థమవుతుంది.

సందర్శకులకు మెరుగైన వసతుల కోసం కేంద్రం 2014లో ఆదర్శ స్మారక్ పథకాన్ని చేపట్టింది. రాష్ట్రం నుంచి నాగార్జునకొండ, శాలిహుండంతో పాటు లేపాక్షి ఆలయానికీ ఇందులో చోటు దక్కింది. ఆధునిక మరుగుదొడ్లు, ఫలహారశాల, బ్రెయిలీ ఫలకాలతో పాటు వైఫై కూడా ఆ వసతుల జాబితాలో ఉంది. 2022లో లేపాక్షి యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది. దీంతో ఇక్కడ చేసే ప్రతి చిన్న పనికీ ప్రాధాన్యం పెరిగింది.

చట్టం ఏం చెబుతోంది?

1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో సవరణ చేశారు. దీని ప్రకారం రక్షిత ప్రాంతం చుట్టూ 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపై మరో 200 మీటర్ల వరకు నియంత్రిత ప్రాంతం. ప్రజలకు నీరు, విద్యుత్తు సరఫరా వంటి పనులను ‘నిర్మాణం’ అన్న నిర్వచనం నుంచి మినహాయించారు. వైఫై కూడా ఈ కోవలోకే వస్తుందని వాదించే వీలుంది. అయితే ఆ మినహాయింపు కట్టడంపై చేయి వేసేందుకు అనుమతి కాదు. రక్షిత కట్టడానికి హాని తలపెట్టినా, రూపం మార్చినా రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ముప్పు ఎక్కడుంది?

వైఫై పరికరం సాధారణంగా ఒక పుస్తకమంత ఉంటుంది. దానివల్ల కట్టడానికి బరువేమీ కాదు. చిక్కంతా బోల్టులు, తీగలు, తవ్వకాలతోనే. రాతిలో దిగిన ఇనుప బోల్టు తుప్పు పట్టి ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి రాయి పగులుతుంది. పగులులోకి వాన నీరు చేరుతుంది. మండపం పైకప్పున సున్నపు పూతపై వేసిన 16వ శతాబ్దపు వర్ణచిత్రాలకు డ్రిల్లింగ్ యంత్రం ప్రకంపనలే ప్రమాదం. కేబుల్ కోసం తవ్వే కాలువ మట్టి పొరల్లోని పురావస్తు ఆనవాళ్లను చెరిపేయవచ్చు. ఎర్తింగ్ సరిగా లేని ఇనుప స్తంభంతో పిడుగుపాటు ముప్పు సరేసరి.

ప్రత్యామ్నాయాలు ఉన్నాయి

మందపాటి గ్రానైట్ గోడలను దాటి సంకేతాలు సరిగా ప్రసరించవు. అందువల్ల లోపల మరిన్ని పరికరాలు పెట్టాలన్న ఆలోచన రావడం సహజం. నిజానికి ప్రతి మూలకూ వైఫై అవసరం లేదు. ప్రవేశద్వారం వద్దే ఆలయ విశేషాలను, ధ్వని మార్గదర్శిని ఫోన్‌లోకి దింపుకునే ఏర్పాటు చేస్తే చిత్రాలున్న మండపం జోలికి వెళ్లనక్కరలేదు.

విద్యుత్తును, సమాచారాన్ని ఒకే కేబుల్‌లో 100 మీటర్ల వరకు పంపే విధానం ఎప్పటినుంచో వాడుకలో ఉంది. దీనివల్ల వేరే కరెంటు తీగ లాగే పని తప్పుతుంది. ఆలయానికి సుమారు 200 మీటర్ల దూరంలోని ఏకశిలా నంది వద్దకు, మధ్యలో అడ్డు లేకుంటే, తీగ లేకుండానే సంకేతాలు పంపవచ్చు. కాలువ తవ్వనక్కరలేదు. ఇప్పటికే ఉన్న దీపస్తంభాలు, కార్యాలయ భవనం, నేలను తవ్వకుండా బరువుతో నిలిచే స్టాండ్లు ఇందుకు సరిపోతాయి. ఫైబర్ పెట్టెకు రాతి రంగు వేస్తే పరికరం కంటికి ఆనదు. లోహపు పొడి కలిసిన రంగు మాత్రం సంకేతాలను అడ్డుకుంటుంది.

తొలగింపు బాధ్యతా ముఖ్యమే

ఎండవానల్లో ఉండే పరికరాలకు ఆయుష్షు తక్కువ. కొత్తవి బిగించి పాతవాటిని, వాటి తీగలను అలాగే వదిలేస్తే కట్టడం కళ తప్పుతుంది. అందుకే రాతికి రంధ్రం వేయరాదన్న షరతు, పనికి ముందూ తర్వాతా ఫొటోలు, గడువు తీరిన పరికరాల తొలగింపు బాధ్యత టెండరు పత్రంలోనే ఉండాలి. వైఫై ఏడాది ఆలస్యమైతే సందర్శకుడికి కలిగేది అసౌకర్యమే. రాయి పగిలితే మాత్రం దాన్ని తిరిగి అతికించే సాంకేతికత ఏదీ పూర్వరూపం తేలేదు. పనులు మొదలయ్యే ముందే పురావస్తు, పర్యాటక శాఖల అధికారులు ఈ అంశంపై దృష్టి సారించాల్సి ఉంది.