తాటాకు ఎప్పుడు 'ఎకో' అయింది?

(ఊరూ - వాడా, 17వ భాగం)



తెనాలిలో రైలెక్కి చీరాల వైపు పోతుంటే ముందు చుండూరు వస్తుంది, తర్వాత నిడుబ్రోలు, ఆ తర్వాత బాపట్ల. సూర్యలంక సముద్రానికి పోయేవాళ్లకు చుండూరు కిటికీలోంచి జారిపోయే ఒక స్టేషన్ బోర్డు మాత్రమే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినాక కారంచేడు, చుండూరు, సూర్యలంక మూడూ ఒకే బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. టూరిజం వాళ్లు గొప్పగా చెప్పుకునేది మూడోదాన్నే. అందుకే ఈసారి రిసార్టుల గురించి రాస్తున్నాను. ఆర్కిటెక్చర్, ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ కాస్త ఓపిగ్గా చదవండి.

ఇప్పుడు నడుస్తున్న మాట 'సస్టైనబుల్ మాడ్యులర్ స్టే'. గదిని ముక్కలుగా ఫ్యాక్టరీలో చేస్తారు. లారీ మీద తెచ్చి, ఇసుకలోనో అడవిలోనో ఇనుప కాళ్ల మీద నిలబెట్టి బిగిస్తారు. పెద్ద పునాది తవ్వరు, సిమెంటు తక్కువ, వద్దనుకుంటే విప్పుకుని పోవచ్చు. పైన తాటాకో వెదురో, గోడకు మట్టిపూత, లోపల ఏసీ. టెక్నిక్‌తో నాకు పేచీ లేదు. నేలను తక్కువగా గాయపరిచే కట్టడం మంచిదే. నా పేచీ ఆ నేల ఎవరిది, ఆ గదిలో పడుకునేదెవరు, దాన్ని కడిగేదెవరు అన్న దగ్గర.

ముందు తాటాకు సంగతి. నిట్రాడు పాతి, వాసాలు కట్టి, తాటాకు కప్పి, మట్టిగోడ అలికిన ఇల్లు మన మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో, యానాదుల సంఘాల్లో తరాలుగా ఉన్నదే. దాన్ని ఎవడూ 'ఎకో' అనలేదు. 'గుడిసె' అన్నారు. ఎండాకాలం నిప్పురవ్వ పడితే వాడంతా బూడిదయ్యేది. 1977 నవంబర్ 19 ఉప్పెన దివిసీమ నుంచి ఈ తీరం దాకా వేల ప్రాణాలు తీసుకుంది. గట్టి కప్పు లేనివాళ్లకు తలదాచుకునే చోటు కూడా దొరకలేదు. అందుకే మనవాళ్లు పక్కా ఇల్లు కోసం కొట్లాడారు. స్లాబు మనకు షోకు కాదు, ప్రాణం. అదే తాటాకును కప్పు లోపల షీటు వేసి, నిప్పంటకుండా మందు పూసి, రాత్రికి వేలల్లో అద్దెకిస్తే దాని పేరు 'ప్రకృతి ఒడి'. ఆకు అదే. కింద పడుకునే మనిషి కులం మారింది, వర్గం మారింది.

రెండోది 'తాత్కాలికం' అనే మాట. 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ చదవండి. సముద్రపు పోటు గీత నుంచి 10 మీటర్లు వదిలితే చాలు, మామూలుగా కట్టడాలు కూడని జోన్‌లో కూడా తాత్కాలిక టూరిజం నిర్మాణాలకు దారి ఇచ్చింది. మాడ్యులర్ అంటే విప్పదగినది, విప్పదగినది అంటే తాత్కాలికం. వ్యాపారికి ఇంతకంటే అనువైన మాట ఏముంటుంది? మన వాడల్లోనూ తాత్కాలికమే ఉంది. పట్టా తాత్కాలికం, పోరంబోకు మీద పాక తాత్కాలికం, పనీ తాత్కాలికం. వాడి తాత్కాలికానికి లైసెన్సు వస్తుంది, మన తాత్కాలికానికి జేసీబీ వస్తుంది.

అదే నోటిఫికేషన్‌లో ఇంకో ముక్క ఉంది. స్థానికులు, మత్స్యకారులు తమ ఇళ్లలో 'హోమ్ స్టే' నడుపుకోవచ్చట, కాకపోతే ఉన్న ఇంటి విస్తీర్ణం, రూపం మార్చకూడదట. ఒంటిగది ఇంట్లో ఆరుగురు పడుకునేవాడు అతిథిని ఎక్కడ పడుకోబెడతాడు? ఒకవేళ గది ఉందే అనుకుందాం. మాదిగపల్లెలో హోమ్ స్టే అని బోర్డు పెడితే, మన ఇంట్లో వండిన కూర తిని, మన మంచం మీద పడుకోవడానికి ఊళ్లోకి వచ్చే టూరిస్టులు ఎందరు? కులం ఈ లెక్కలో లేదనుకునే ఆర్కిటెక్ట్ డ్రాయింగ్ వేయగలడేమో గానీ దేశాన్ని చూడలేడు.

బస అన్నది ఈ దేశంలో ఎప్పుడూ అమాయకమైన విషయం కాదు. 1917లో విదేశాల్లో చదివి వచ్చిన బాబాసాహెబ్ అంబేద్కర్‌కు బరోడాలో పడుకోవడానికి చోటు దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీల సత్రంలో తలదాచుకున్నారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఆ సాయంత్రం దాకా ఆయన కమాఠీ బాగ్ తోటలో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు. చెట్ల నీడన గడిపిన ఆ కొన్ని గంటలే ఆ ఊరు ఆయనకిచ్చిన 'నేచర్ స్టే'.

అందుకే రాజ్యాంగం 15(2) అధికరణలో దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాలు అని పేరుపెట్టి మరీ రాయాల్సి వచ్చింది. ఆ వరసలోని 'వినోద స్థలం' దగ్గరే చుండూరు మొదలైంది. 1991 జూలైలో సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు అగ్రకులస్తుడికి తగిలింది. దాని మీద సాంఘిక బహిష్కరణ. ఆగస్టు 6న వెంటాడి వేటాడి ఎనిమిది మందిని చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర కాలువలో, పొలాల్లో పడేశారు. ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. అదే ఏడాది సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. పక్క సీట్లో కాలు తగిలితే ఓర్వని సమాజం పక్క కాటేజీలో మనల్ని ఓర్చుకుంటుందని నమ్మమంటే ఎలా?

ఇక మనం రిసార్టులో కనిపించేదెక్కడ? తోట చిమ్మే దగ్గర, దుప్పట్లు ఉతికే దగ్గర, సెప్టిక్ ట్యాంకు దగ్గర. ఇసుక నేలలో నీళ్లు కొద్ది లోతులోనే ఉంటాయి. ట్యాంకు కారితే మురికి చేరేది పక్క పల్లె బోరులోకి. రక్షణ పరికరాలు, భద్రతా జాగ్రత్తలు లేకుండా ట్యాంకులో మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. ఎకో సర్టిఫికెట్ కోసం సోలార్ ప్యానెళ్లు లెక్కపెట్టేవాళ్లు ఈ లెక్క కూడా రాస్తారా?

ప్రకృతి అంటే మనుషుల్లేని చోటు అన్న ఊహే ప్రమాదం. 1959లో సెరెంగెటి పార్కు కోసం మసాయి పశువుల కాపరులను అక్కడి నుంచి పంపించేశారు. ఇప్పుడు అక్కడ గుడారాల్లో పడుకోవడానికి ప్రపంచమంతా ఎగబడుతుంది. మన తీరంలోనూ వల ఆరబెట్టుకునే ఇసుక, గొడ్లు మేసే బీడు, అసైన్డ్ చెక్క, ఇవన్నీ పైనుంచి ఫొటో తీస్తే ఖాళీగానే కనిపిస్తాయి.

2024లో వచ్చిన కొత్త పాలసీతో మన రాష్ట్రంలో టూరిజానికి పరిశ్రమ హోదా దక్కింది. రాయితీలు ప్రజల డబ్బే కాబట్టి ప్రజలుగా అడుగుదాం.

ఒకటి, అనుమతికి ముందు ఆ భూమి చరిత్ర గ్రామసభలో చదవాలి. ఎవరికి అసైన్ చేశారు, ఎవరి చేతికి ఎలా వెళ్లింది అన్నీ.

రెండు, రాయితీ పొందే బసల్లో దళిత, యానాది, మత్స్యకార మహిళల సహకార సంఘాలకు యాజమాన్యంలో వాటా ఉండాలి. చీపురు ఉద్యోగాన్ని 'ఉపాధి' అని చూపిస్తే ఒప్పుకోం.

మూడు, గాలికి నిలిచే, నీళ్లకు ఎత్తున నిలిచే, వారంలో బిగించే ఈ మాడ్యులర్ ఇల్లు ముందు తుఫానుకు కొట్టుకుపోయే కాలనీకి రావాలి. టూరిస్టు రెండు రాత్రులు ఉంటాడు, మన తల్లి జీవితమంతా ఉంటుంది.

నాలుగు, మురుగు మొత్తం యంత్రంతోనే. మనిషిని దింపితే లైసెన్సు రద్దు, అట్రాసిటీ కేసు.

ఆర్కిటెక్చర్ కాలేజీల్లో ఉన్న మన పిల్లలకు ఒక మాట. మీ థీసిస్‌కు సైటు ఎంచుకునేటప్పుడు సముద్రం వైపే చూడకండి. చుండూరులో దిగండి. చంపబడ్డవాళ్లను ఊరి నడుమ పాతిపెట్టుకున్న రక్తక్షేత్రం దగ్గర కాసేపు నిలబడండి. తెనాలికి పారిపోయి బతికిన కుటుంబాలు ఎలాంటి ఇల్లు కోరుకున్నాయో అడగండి. ఆ తర్వాత గీయండి.

జై భీమ్.

(ఇంకా ఉంది. వచ్చే భాగం: అసైన్డ్ భూమి, 1977 చట్టం)