పడవ షికారు: ఏ ఋతువుకు ఏ జాగ్రత్త?

వానలు వెనకబట్టి కార్తీకమాసం వచ్చిందంటే మన ఇళ్ళలో పడవ ప్రయాణాల ప్రస్తావన వస్తుంది. గోదావరి మీద పాపికొండల దాకా పోదామని ఒకరంటే, కొల్లేటి పక్షులను చూద్దామని మరొకరు, కోరింగ మడ అడవుల్లో తిరుగుదామని ఇంకొకరు అంటారు. తప్పక వెళ్ళండి. రోజంతా కుర్చీకి అతుక్కుపోయి పనిచేసే వారికి నీటిగాలి మంచి విశ్రాంతి. స్వయంగా తెడ్డు వేసే చిన్న దోనె అయితే భుజాలకు, వీపుకు, పొట్ట కండరాలకు చక్కని వ్యాయామం కూడాను. అయితే ఇంటి నుంచి కట్టుకు వెళ్ళవలసింది పులిహోర పొట్లం ఒక్కటే కాదు. కొంత తెలివిడి కూడా కావాలి.

వానాకాలం

జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదావరి అందంగానే ఉంటుంది. కాని ఆ అందాన్ని ఒడ్డున నిలబడి చూడటమే మంచిది. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద వరద నీటిలో పర్యాటకుల పడవ బోల్తాపడింది. అందులో ఉన్న 77 మందిలో ప్రాణాలతో బయటపడినవారు 26 మంది మాత్రమే. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక జారీ చేస్తారు. మీరు అంతదాకా ఆగనక్కరలేదు. నీరు ఎర్రబడి, కొమ్మలు, దుంగలు కొట్టుకువస్తున్నాయంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. టికెట్టు డబ్బు పోయినా మళ్ళీ సంపాదించుకోవచ్చు.

ఏ ఋతువులోనైనా పడవ ఎక్కగానే లైఫ్ జాకెట్ తొడుక్కోండి. ఉక్కగా ఉందని విప్పి పక్కన పెట్టుకుంటే అది ఉన్నా లేనట్టే. బకిల్సు, తాళ్ళు అన్నీ బిగించాలి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి పోకూడదు. పెద్దల జాకెట్టు పిల్లలకు తొడిగితే నీటిలో పడగానే జారిపోతుంది. పిల్లల కొలత జాకెట్టు లేదంటే ఆ పడవ ఎక్కకండి. ఈత వచ్చిన వారికి కూడా ఈ నియమం తప్పదు.

శీతాకాలం

పక్షులను చూడటానికి ఇదే అనువైన కాలం. కొల్లేటి ఆటపాకలో గూడబాతులు వందలుగా కనిపిస్తాయి. గూళ్ళ దగ్గరకు పడవను పోనివ్వమని సరంగును బతిమాలకండి. తల్లి బెదిరి ఎగిరిపోతే గుడ్లు ఎండకూ కాకులకూ పాలవుతాయి. తాటిదోనె చిన్న కదలికకే ఒరుగుతుంది. ఫొటో కోసం లేచి నిలబడరాదు. అందరూ ఒకే పక్కకు చేరరాదు.

తెల్లవారుజామున నీటి మీద చలిగాలి ఉబ్బసం ఉన్నవారికి పడదు. ముక్కుకు మఫ్లరు చుట్టుకుని, ఇన్‌హేలరు జేబులో ఉంచుకోండి. రక్తపోటు, మధుమేహం మాత్రలు వేళ తప్పకుండా వేసుకోవాలి. పడవలో మరుగుదొడ్డి ఉండదేమోనని చాలామంది స్త్రీలు నీళ్ళు తాగడం మానేస్తారు. దానివల్ల మూత్రంలో మంట, జ్వరం రావచ్చు. వసతి ఉన్నదీ లేనిదీ బయలుదేరే ముందే కనుక్కోండి.

వేసవికాలం

నీటి మీద చల్లగా ఉన్నట్టే అనిపిస్తుంది గాని, ఎండ పై నుంచీ, నీటి మీద పడి కింద నుంచీ కూడా తగులుతుంది. టోపీ, పొడుగు చేతుల నూలు చొక్కా, చల్లని కళ్ళద్దాలు అవసరం. దాహం వేసేదాకా ఆగకుండా మజ్జిగ, కాచి చల్లార్చిన నీళ్ళు తాగుతూ ఉండండి. నది నీరు మాత్రం తాగకండి.

జలపాతాల దగ్గర మరీ జాగ్రత్త. కడెం నది మీది కుంటాల వంటి చోట్ల రాళ్ళు పాచిపట్టి జారుతాయి. కింద గుంట ఎంత లోతో పైకి కనిపించదు. తలకిందులుగా దూకితే మెడ ఎముక విరిగి, జీవితాంతం కాళ్ళు చేతులు పనిచేయకుండా పోవచ్చు.

తల తిరుగుడు, వాంతులు

పడవ పడని వారు తేలికగా తిని ఎక్కాలి. నడిమి భాగంలో కూర్చుని దూరపు గట్టును చూస్తూ ఉండాలి. ఫోనులోకి, పుస్తకంలోకి తల వంచితే తిప్పుడు ఎక్కువవుతుంది. మాత్ర వేసుకునేట్టయితే బయలుదేరడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. అది నిద్రమత్తు తెస్తుంది గనుక ఆ పూట బండి నడపరాదు. నీటికాసులు, ప్రోస్టేటు ఇబ్బంది ఉన్నవారు డాక్టరును అడగనిదే వేసుకోరాదు.

ఎవరైనా మునిగితే

పైకి తీసిన మనిషిని తలకిందులుగా పట్టి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన ఊళ్ళలో వాడుక. ఇది పనికిరాదు. దానితో విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి ఆడుతూ ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ముందు రెండుసార్లు ఊపిరి ఊదండి. తరువాత రొమ్ము నడుమ, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో, 30 సార్లు గట్టిగా నొక్కండి. మళ్ళీ రెండు ఊపిరులు. సహాయం అందేవరకు ఇలాగే చేస్తూ ఉండాలి. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయాలి. తేరుకుని మాట్లాడినా ఆసుపత్రిలో చూపించవలసిందే.

ఇంటికి వచ్చాక

రేవులో కోతి కరిచినా, గీరినా సబ్బుతో ధారగా 15 నిమిషాలు కడిగి, ఆనాడే టీకా వేయించుకోండి. పసరు, కారం పెట్టకండి. వరద నీటిలోనో, బురదలోనో తిరిగి వచ్చిన రెండు మూడు వారాలలోగా జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళ ఎరుపు కనిపిస్తే ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. నీటిలో తిరిగిన సంగతి డాక్టరుకు మీరే చెప్పండి. తొలి రోజుల్లో గుర్తిస్తే యాంటిబయాటిక్ మందులకు లొంగుతుంది. ఆలస్యమైతే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఈ జాగ్రత్తలన్నీ కలిపినా పిల్లలకు జాకెట్లు తొడిగే వ్యవధి కన్నా ఎక్కువ పట్టవు. అవి పాటించి హాయిగా షికారు వెళ్ళండి. ఎంతమంది ఎక్కారో అంతమందీ క్షేమంగా ఒడ్డుకు దిగాలి.