మచ్చు పాటలు



గత వేసవి సెలవులలో మా చెల్లెలి కుమార్తె మా యింటికి వచ్చుచు నొక రికార్డును వెంట దెచ్చినది. అది ఇంగ్లండు దేశపు పింక్ ఫ్లాయిడ్ అను రాక్ సంగీత బృందము వారిది. 1981లో వెలువడిన యా సంపుటము పేరు "ఎ కలెక్షన్ ఆఫ్ గ్రేట్ డాన్స్ సాంగ్స్". అందున్న పాటలు ఆరే. "దొడ్డమ్మా, వీరి రికార్డులన్నియు వినుటకు తీరిక యెక్కడిది? ఈ యారును విన్నచో వీరిని తెలిసికొన్నట్లే" యని యామె వాదము. నాకు సందేహము తీరలేదు. ఆ పాటలను తీసికొన్న మూలపు రికార్డులను ఆమె ఫోనులోనే యొక్కొక్కటిగా వినిపింపుమంటిని.

బియ్యము కొనునపుడు మనము గుప్పెడు మచ్చు చూతుము. గుప్పెటిలోనిదే బస్తాలో నుండునని నమ్మకము. కావ్యములయందును నిట్టి సౌకర్యము కొంత కలదు. భారతమంతయు చదువనివారును నలోపాఖ్యానము చదివి యానందింపవచ్చును. ఏలయన దాని మొదలును తుదియు దానిలోనే యున్నవి. రాయబారఘట్టము నడుమనుండి నాలుగు పద్యములు తీసి యిచ్చిన నట్లు కాదు. ఎవరు ఎవరితో నేల పలుకుచున్నారో తెలియకయే పద్యము ముగియును. ఈ బృందమువారి పాటలు పెక్కులు ఈ రెండవ జాతివి.

"షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్" అను రచననే చూడుడు. 1975 నాటి "విష్ యు వర్ హియర్" రికార్డులో నిది తొమ్మిది భాగములుగా, సుమారు 26 నిమిషములు సాగును. కొన్ని భాగములు మొదట, మిగిలినవి చివర. నడుమ వేరు పాటలు మూడు. బృందమును స్థాపించినవారిలో నొకడైన సిడ్ బారెట్ మనస్సు చెదిరి 1968లో వారికి దూరమయ్యెను. అతనిని తలచుకొని కట్టిన పాట యిది. 1975 జూనులో నీ రికార్డు తయారగుచుండగా నాతడే స్టూడియోకు వచ్చెను. మారిన యాకారము వలన పాతమిత్రులు తొలుత నానవాలు పట్టజాలకపోయిరి. మొదట విన్న పాట మూడు పాటల యెడబాటు తరువాత మరల వినబడునపుడు, పోయినవానికై వాకిట కాచియున్నట్లు తోచును. ఆరు పాటల సంపుటములో నిది పది నిమిషములకు పైచిలుకుగా కత్తిరింపబడినది. రాగము మిగిలినది, నిరీక్షణము పోయినది.

ఇక "అనదర్ బ్రిక్ ఇన్ ది వాల్" మాట. లండనులోని ఇస్లింగ్టన్ గ్రీన్ పాఠశాల పిల్లలు గొంతు కలిపి, మాకు చదువు వలదని పాడుదురు. విడిగా విన్నపుడు, ఉపాధ్యాయుని భార్యనైన నాకు కోపమే వచ్చినది. 1979 నాటి "ది వాల్"లో నిది మూడు భాగముల పాటలో రెండవ భాగము. మొదటి భాగము యుద్ధమున మరణించిన తండ్రిని గూర్చినది. ఈ రెంటి నడుమ నున్న చిన్న పాటలో, పిల్లలను హింసించు పంతుళ్ల వృత్తాంతము కలదు. ఆ పంతుళ్లును ఇండ్లకు పోయి భార్యలచేత దెబ్బలు తినువారేనట! మావారు నవ్వుచు నా వంక చూచిరి. నేను చూడనట్లుంటిని. అయినను నా కోపము చల్లారినది. నింద చదువుపై కాదు, క్రూరులైన కొందరిపై. ఆ సంగతి తెలుపు పాటనే సంపుటమువారు విడిచిరి.

ఇందు కొనదగినది లేకపోలేదు. "మనీ" పాట యిక్కడ 1973 నాటిది కాదు. అమెరికాలో హక్కులుగల క్యాపిటల్ సంస్థవారు కొలంబియావారికి దాని నియ్యనందున, డేవిడ్ గిల్మోర్ దానిని మరల పాడి, వాద్యములలో పెక్కింటిని తానే వాయించెను. శాక్సఫోనుకు మాత్రము మునుపటి డిక్ పారీనే పిలిచెను. మూలమంత వాడి లేకున్నను, పోల్చి వినువారికి వేడుక. ఆ యొక్క పాటకై వెల పెట్టుట అభిమానులకే తగును. ఐదారు రికార్డులు వేరువేరుగా కొనవలసిన కాలములో నిట్టి సంపుటము సామాన్యులకు కొంత మేలు చేసియుండును. ఇప్పుడు మూలములే యింట కూర్చుండి వినగలిగినపుడు కత్తిరింపుల కేల యాశపడవలెను?

పేరు సైతము పరిహాసమే. నృత్యమునకు తగిన పాట లిందు దాదాపు లేవు. అట్టమీద నర్తించు జంటను త్రాళ్లతో నేలకు కట్టివైచిరి!

అమ్మాయి తిరిగి వెళ్లునపుడు రికార్డును నాయొద్దనే విడిచి, "ది వాల్"ను మొదటినుండి వినెదనని చెప్పి పోయినది. మావారు మాత్రము జీతము వచ్చిన సాయంకాలము "మనీ" పాటను మరియొకమారు పెట్టుమనిరి.